సర్వరుకు తొడుగు

గుండ్లకొండ పురపాలక కార్యాలయంలో ఎదురుగా మనిషి కూర్చుని ఉండని యంత్రం ఏదీ తొడుగు లేకుండా ఉండకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళెవరికీ తెలియదు. ఎప్పుడో ఒక కమిషనరు గారి టైపు మిషను మీద పావురం రెట్ట వేసిందనీ, ఆయన శ్రీమతికి కుట్టుపని బాగా వచ్చనీ, ఈ రెండూ కలిసొచ్చాయనీ పాతవాళ్ళు చెప్పేవారట. పావురం పోయింది, టైపు మిషన్లు పోయాయి, నియమం మిగిలింది. ఉద్యోగి కుర్చీలో కూర్చోగానే తొడుగు తీయాలి, లేవగానే వేయాలి. కంప్యూటర్లకు మెరూన్ రంగు వెల్వెట్టు, అంచున బంగారు రంగు లేసు. జెరాక్సు మిషనుకు అదే గుడ్డ, కాస్త పెద్దది. ఫ్యాక్సు మిషను పనిచేయడం మానేసి ఏళ్ళు గడిచినా దసరా దసరాకు దానికి కొత్త తొడుగు వస్తుంది. పేరంటంలో కూర్చోబెట్టిన పెద్దముత్తయిదువలా అది ఆ మూల నిండుగా కూర్చుని ఉంటుంది.

కృపామణికి మొదట్లో ఈ నియమంతో పేచీ లేదు. వాళ్ళింట్లోనూ మిక్సీకి, టీవీకి, ఫ్రిజ్జు పిడికి కూడా అత్తగారు దీనమ్మ తొడుగులు కుట్టింది. రిమోటుకు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు. కృపామణి ఎం.సి.ఏ. చదివి, ఆ కార్యాలయంలో కాంట్రాక్టు మీద సాంకేతిక సహాయకురాలిగా పనిచేస్తోంది. ఆ కాంట్రాక్టు ఏడాదికోసారి, మార్చి నెలాఖరున, కమిషనరు గారి దయ ఉంటే మళ్ళీ మొలకెత్తుతుంది. భర్త పనిచేసే గ్రానైటు క్వారీ మూతబడ్డాక ఇల్లు నడుస్తున్నది ఆమె జీతంతోనే.

గుండ్లకొండలో నీళ్ళు వీధికొక వేళ వస్తాయి. ఆ వేళ కూడా నిలకడగా ఉండదు. కరెంటును బట్టి, చెరువును బట్టి, వాల్వు తిప్పే మనిషి టిఫినును బట్టి మారుతుంది. ఆడవాళ్ళు కోడి కూయకముందే కుళాయిల దగ్గర బిందెలు వరస పెట్టి కాపలా కాసేవారు. కృపామణి దీనికొక వెబ్‌సైటు తయారుచేసింది. వాల్వు తిప్పే మనిషి తన ఫోనులో వీధి పేరు నొక్కితే, ఆ వీధి వాళ్ళ ఫోనుల్లో నీలం చుక్క వెలుగుతుంది. అంతే. చుక్క వెలిగాక బిందె పట్టుకుని లేస్తే చాలు.

దీన్ని నడపడానికి పెద్ద సర్వరు కొనే స్తోమత పురపాలక సంఘానికి లేదు. అందుకని ఆమె అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు తెప్పించింది. ఒకే పలక మీద చిప్పులన్నీ అమర్చి ఉంటాయి, దానికి తెరా లేదు, మీటలూ లేవు. గుండ్లకొండకు ఇది చాలు, ఇంకా మిగులుతుంది.

పెట్టె విప్పిన మేనేజరు గోవర్ధనం గారు దాన్ని తలకిందులు చేసి దులిపారు.

"ఏందమ్మా ఇది? సర్వరు యాడ? రిమోటొక్కటే పంపిచ్చినట్టుండారే."

"అదే సర్వరండీ."

"ఇదా?" ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. "మా ఇంట్లో సబ్బుపెట్టె ఇంతకన్నా పెద్దదమ్మా. సరే, కొన్నాం గాబట్టి సర్వరే. మరి నంబరు యాడ రాయిద్దాం?"

నంబరు లేని వస్తువు ప్రభుత్వ వస్తువు కాదు. కుర్చీకి, బీరువాకి, కూజాకి కూడా ఎనామెల్ పెయింటుతో నంబరు ఉంటుంది. ఆడిట్ వాళ్ళు కూర్చున్న చోటి నుంచి లేవకుండా చదువుకోగలిగేంత పెద్దక్షరాలు. పెయింటరు వచ్చి సర్వరును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"సార్, దీని మీద 'గుండ్ల' వరకే బడుద్ది. 'కొండ'కు జాగా లేదు."

"వెనక రాయి."

కృపామణి చేతులు అడ్డం పెట్టినంత పనిచేసి, చిప్పుల మీద పెయింటు పడితే అది చచ్చిపోతుందని బతిమాలి, దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో అమర్చింది. కావాలంటే డబ్బా మీద రాసుకోమంది. డబ్బా మూతలో సన్నని చీలికలున్నాయి. పెయింటరు వాటి మీద వేలు పెట్టి చూసి పెదవి విరిచాడు. "గాట్లున్నయ్ సార్. అక్షరం నిలబడదు. లప్పం పెట్టాల."

"అవి గాలాడటానికండీ!" అంది కృపామణి.

"గాలి మనకు గావాల గానీ దానికెందుకమ్మా?" అన్నారు గోవర్ధనం గారు. లప్పం పెట్టారు. దాని మీద నంబరు అన్ని పక్కలకూ తిరిగి అడుగున పూర్తయింది. ఆ సాయంత్రమే మెరూన్ వెల్వెట్టు తొడుగు వచ్చింది. లేసుతో సహా.

పెయింటరు వచ్చేదాకా కృపామణి తన బల్ల మీద పరీక్షగా నడిపినన్నాళ్ళూ సర్వరు ఒక్కసారి కూడా ఆగలేదు. నంబరు వేయించుకుని, తొడుగు తొడుక్కుని, ప్రభుత్వ ఆస్తి అయిన మర్నాడే కూలింది.

కృపామణి మొదట తననే అనుమానించుకుంది. రాసిన ప్రోగ్రామంతా వరస వరసా చదివింది. సర్వరు తను చేసిన పనులన్నీ రాసుకునే లాగ్ తీసి చూసింది. ఫలానా వీధి వాళ్ళు వచ్చారు, అడిగారు, చెప్పాను అని శుభ్రంగా రాసుకుంటూ వచ్చి, వాక్యం మధ్యలో ఆగిపోయి ఉంది, మాట్లాడుతూ మాట్లాడుతూ ఒరిగిపోయిన మనిషిలా. కరెంటు సరిగా అందడం లేదేమోనని అడాప్టరు మార్చింది. మెమరీ కార్డు మార్చింది. బరువెక్కువైందేమోనని సైటులోంచి బొమ్మలు తీసేసింది. కమిషనరు గారి ఫొటో కూడా తీసేసినందుకు మెమో వచ్చింది. అది మళ్ళీ పెట్టింది. సర్వరు మాత్రం రోజూ లేచినట్టే లేచి పడిపోతూనే ఉంది.

చివరికి, వంటింట్లో ఏది చెడినా ఆడవాళ్ళు మొట్టమొదట చేసే పని ఆమె అన్నిటికన్నా ఆఖరున చేసింది. తొడుగు కిందికి చెయ్యి పోనిచ్చి ముట్టుకుంది. వేలు చురుక్కుమంది. అట్లపెనం.

తొడుగు తీసి, మూత విప్పి పెడితే రోజంతా చక్కగా నడిచింది. మళ్ళీ కప్పితే వేడి అంచెలంచెలుగా పెరిగి, ఒక హద్దు దాటగానే తనంతట తాను ఆగిపోయింది. ఇంక వెతకాల్సిందేమీ లేదు. కృపామణికి ప్రాణం లేచొచ్చింది. జబ్బు ఇంత చిన్నదైనప్పుడు మందు ఇవ్వడానికి ఎవరైనా ఎందుకు వద్దంటారని ఆమె అనుకుంది. ఆమె సర్వీసు తక్కువ మరి.

కమిషనరు పట్టాభిరామారావు గారు సమావేశం వేశారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు ఎలా మాట్లాడతారో తెలియదు గానీ, కుర్చీలో కూర్చుంటే మాత్రం ఉత్తర్వులాగే మాట్లాడతారు.

"సర్వరు పదే పదే కూలుటకు గల కారణములను వివరింపుడు."

"వేడెక్కుతోందండీ. గాలి లేదు."

"ఉష్ణోగ్రత అనునది వాతావరణ శాఖకు సంబంధించిన అంశము. మన పరిధిలోనిది కాదు."

"తొడుగు తీసేస్తే చాలండీ."

గోవర్ధనం గారు తన కండువా సర్దుకున్నారు, ఎవరో తననే విప్పమన్నట్టు.

"తొడుగు నిస్సందేహముగా తీయవచ్చును," అన్నారు కమిషనరు గారు, "ఎదుట మనిషి కూర్చున్న పక్షమున."

"దాని ముందు ఎవరూ కూర్చోరండీ. కూర్చుని చూడటానికి దానికి తెర ఉండదు. దానంతట అది పనిచేసుకుంటుంది."

"ఎవరును కూర్చుండనప్పుడు అది వాడుకలో లేనట్లే గదా?"

"ఊరంతా వాడుతోందండీ!"

"ఊరు కార్యాలయ సిబ్బంది కాదు," అన్నారాయన, ఎంతో ఓపికగా. "పసిబిడ్డ పదే పదే పడిపోవుచున్నచో మనమేమి చేయుదుము? ఇంకను జాగ్రత్తగా పట్టుకొందుము. దీనికి చాలినంత రక్షణ లేదని నా అభిప్రాయము."

అలా సర్వరుకు తొడుగుతో సహా అద్దాల పెట్టె వచ్చింది. అది అందులోనూ కూలింది. రక్షణ ఇంకా చాలలేదని తేలి, అద్దాల పెట్టె ఇనుప బీరువాలోకి వెళ్ళింది. బీరువాకు కూడా తొడుగు కుట్టించారు, ఎందుకంటే ఇప్పుడది యంత్రంలో భాగం. కృపామణి గొంతు పోయేలా అడగ్గా అడగ్గా చిన్న ఫ్యాను ఒకటి మంజూరైంది. తీరా ఫ్యాను వచ్చి చూస్తే దానికీ వెల్వెట్టు తొడుగు ఉంది.

"సార్, ఫ్యానుకు కూడా కప్పారేందండీ?"

"దాని ముందు మాత్రం ఎవరు కూర్చుంటన్నారమ్మా?" అన్నారు గోవర్ధనం గారు.

తొడుగు లోపల ఫ్యాను తిరగాలని ప్రయత్నించి, లేసు చుట్టుకుని ఆగిపోయింది.

ఆ వారంలోనే కొండవీధి నుంచి కోటేశ్వరమ్మ వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో ఖాళీ ప్లాస్టిక్ బిందె. వచ్చీ రాగానే బిందె కృపామణి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"నీళ్ళొచ్చే చుక్క ఎలగలేదని పండుకుంటినమ్మా. కుళాయిలో వొచ్చి పొయినయ్యంట. ముందన్నా నయం, కళ్ళు కాయలు కాసేదాకా కూసుంటే దొరికేయి. ఇప్పుడు నీ ఫోను నమ్మి పిల్లకు పాలు కలపటానికి చుక్క లేకుండా జేసుకుంటిని."

కృపామణి ఆ బిందె వంకే చూస్తూ కూర్చుంది. గోవర్ధనం గారు తన సీట్లోంచి కలగజేసుకున్నారు. "ఇట్టా వొచ్చి బిందెలు పెట్టగూడదమ్మా. ఫిర్యాదులుంటే వెబ్‌సైటులో నమోదు చెయ్యాల."

"అదే గదా సార్ పడిపొయింది?"

"లేచినాక చెయ్యి."

మర్నాడు కృపామణికి మెమో అందింది. సర్వరు ఇకమీదట కూలిన పక్షంలో మార్చిలో ఆమె కాంట్రాక్టు పొడిగింపు విషయం 'ప్రతికూలముగా పరిశీలింపబడును' అని దాని సారాంశం. ఆమె దాన్ని తీసుకుని గోవర్ధనం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. నియమానికి చుట్టం, మనుషులకు తెలిసినవాడు, అంతే.

"నియమాన్ని కాదనగూడదు, దాంట్లోనే దారి వెతకాల," అన్నారాయన గొంతు తగ్గించి. "మనిషి కూర్చుంటే తొడుగు తియ్యొచ్చు గదా? పొయ్యి నువ్వే కూర్చో."

"కూర్చుని ఏం చేయాలండీ?"

"నేను జేసేదేందమ్మా? కూర్చో."

బీరువాకు ఎదురుగా కుర్చీ వేశారు. కృపామణి కూర్చుంది. అటెండరు జిలానీ బీరువా తొడుగు తీసి తలుపులు తెరిచాడు, అద్దాల పెట్టె తొడుగు తీశాడు, సర్వరు తొడుగు తీశాడు. సర్వరు డబ్బా మూత కూడా విప్పించుకుంది ఆమె. నియమంలో మూత గురించి ఏమీ లేదు. సర్వరు హాయిగా ఊపిరి పీల్చుకుని పనిచేయసాగింది. ఆమె మంచినీళ్ళకు లేస్తే తొడుగులన్నీ మళ్ళీ ఎక్కేవి. ఎవరో పిలిస్తే తిరిగి చూడబోయి కాస్త లేచినా జిలానీ గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. ఆయనకు రిటైరయ్యే వయసు, మోకాళ్ళ నొప్పులు.

"తల్లీ, లేస్తన్నావా, కూర్చుంటన్నావా? ఒక మాట మీద ఉండు. నా మోకాళ్ళు నీ సర్వరు కన్నా ముందు పడేట్టుండయ్."

ఆమె కూర్చున్నంతసేపూ సర్వరు నడిచింది. కానీ ఆఫీసు కట్టేశాక కూర్చునే నియమం లేదు. సాయంత్రం మూడు తొడుగులూ ఎక్కేవి, బీరువాకు తాళం పడేది. కొండవీధి కుళాయిలు తిప్పేది తెల్లవారుజామున. అప్పటికి సర్వరు లోపల ఉడికి చల్లారి ఉండేది.

ఇంట్లో దీనమ్మ కూడా చుక్క వెలగక నీళ్ళు పోగొట్టుకుంది. కోడలిని ఏమీ అనలేదు, అంట్లగిన్నెలతో అంది. ఆ చప్పుడు విన్నాక కృపామణి లేచి, చదువుకునే రోజుల్లో కొనుక్కున్న అలాంటి చిన్న కంప్యూటరునే అటక మీంచి తీసి దుమ్ము దులిపింది. నీటివేళల ప్రోగ్రాము అందులో ఎక్కించింది. వంటింటి కిటికీ ఊచలకు తాడుతో కట్టి, ఇంటి ఇంటర్నెట్టు తగిలించింది. ఊళ్ళో వాళ్ళు నొక్కే పేరు అదే, దారి మాత్రం మార్చింది. ఇప్పుడెవరు అడిగినా ప్రశ్న పురపాలక బీరువాకు కాక కృపామణి కిటికీకి వస్తుంది.

దీనమ్మ దాన్ని అటూ ఇటూ చూసి, కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి, గులాబీ రంగు గుడ్డతో ఒక తొడుగు కుట్టి తెచ్చింది.

"వొద్దత్తా. దానికి గాలాడాల. కప్పితే ఉడికి ఆగిపొద్ది."

"అట్టనా?" అంది దీనమ్మ. దాని మీద చెయ్యి పెట్టి చూసింది. "అవును, ఎచ్చగుంది." గుడ్డ మడిచి లోపల పెట్టుకుంది.

అంతే. గుండ్లకొండ పురపాలక సంఘం సమావేశాలు వేసి తేల్చలేని విషయం, పొయ్యి మీద చారు పొంగేలోపు తేలిపోయింది.

ఆ తర్వాత నీలం చుక్క ఒక్క రోజు కూడా తప్పలేదు. కోటేశ్వరమ్మ బజార్లో కనబడితే పిల్ల చేత దణ్ణం పెట్టించింది. కృపామణి ఆఫీసులో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ప్రభుత్వ సైటును తన కిటికీలో నడుపుతున్నానంటే అది సేవ అంటారో దొంగతనం అంటారో, ఆమెకు సందేహం లేదు. ఇనుప బీరువాలోని సర్వరు తన మూడు తొడుగుల కింద ఎర్రదీపం వెలిగించుకుని, చేసే పని లేక చల్లగా ఉంది. పని లేనిదానికి వేడెందుకు ఎక్కుతుంది?

బీరువా ముందు ఆమెకు వేసిన కుర్చీ కూడా తీసేశారు. కూర్చోకపోయినా కూలడం లేదు గనుక, ఇన్నాళ్ళూ కూలింది ఆమె తొడుగు తీసి చూడటం వల్లేనని తేలింది.

కమిషనరు గారు పై అధికారులకు నివేదిక పంపారు. 'త్రివిధ ఆచ్ఛాదన విధానము' అని దానికి పేరు. సర్వరును ఒకటి కాదు, మూడు తొడుగులలో భద్రపరచుట వలన కూలుట పూర్తిగా నివారింపబడినది అని అందులో ఉంది. పై నుంచి మెచ్చుకోలు వచ్చింది. పొరుగు పురపాలక సంఘాల వాళ్ళు చూసి నేర్చుకోవడానికి బస్సు వేసుకుని వచ్చారు. వెల్వెట్టు ఏ షాపులో కొన్నారు, లేసు కుచ్చిళ్ళు పెట్టాలా సాదాగా వేయాలా అని అడిగి రాసుకున్నారు. ఒకాయన మాత్రం, లోపల ఏముందో ఒకసారి చూడవచ్చా అన్నాడు.

"తొడుగు తీయుట విధానమునకు విరుద్ధము," అన్నారు కమిషనరు గారు. అడిగినాయన సిగ్గుపడి వెనక్కి జరిగాడు.

మార్చి వచ్చింది. పొడిగింపు కోసం కృపామణిని లోపలికి పిలిచారు. చాలా రోజుల తర్వాత ఆమె భయం లేకుండా ఆ గదిలో అడుగు పెట్టింది.

"ఈ కాలమునందు సర్వరు ఎన్ని పర్యాయములు కూలినది?"

"ఒక్కసారి కూడా లేదండీ."

"ఎన్ని పర్యాయములు తాము దానిని లేపితిరి?"

"లేపాల్సిన అవసరం రాలేదండీ."

కమిషనరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అనగా తాము చేసిన పని ఏదియు లేదు. కూలని సర్వరును లేపుటకు ఒక సహాయకురాలు ఏల? తొడుగు చేయుచున్న పనికి తమకు జీతము చెల్లించుట న్యాయమా, తామే చెప్పుడు."

కూలితే తీసేస్తామన్నారు. కూలకపోతే తీసేశారు. కృపామణి బయటికొచ్చి గోవర్ధనం గారి బల్ల ముందు నిలబడింది.

"సార్, అసలు సంగతి ఒకటుందండీ. ఆ సర్వరు..."

ఆయన చెయ్యెత్తారు. "నాకు సర్వీసు కొద్దిగే ఉందమ్మా. అసలు సంగతులు నాకొద్దు. పెన్షను కాగితాలు తేలినాక ఇంటికొచ్చి జెప్పు, కాఫీ తాగతా ఇంటా."

ఇంటికి వచ్చి అత్తగారికి చెప్పింది. దీనమ్మ మిరపకాయలు తుంచుతున్న చేత్తోనే కిటికీ వైపు చూపించింది.

"పీకి అవతల పారెయ్. ఈ ఊళ్ళో ఎట్టా ఎలుగుద్దో చుక్క, జూస్తా నేను."

"పీకితే కమిషనరింటికి ట్యాంకరొస్తదత్తా. కోటేశ్వరమ్మ ఇంటికి రాదు."

"మరి మనింటికి బియ్యం ఎట్టొస్తయ్?"

కృపామణి భర్త ఆ రోజు కూడా ఏదో క్వారీలో పని ఉందని విని వెళ్ళి, లేదని విని వచ్చి, కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమె చారు దించి, కిటికీ దగ్గర నిలబడి ఆ చిన్న కంప్యూటరు మీది దీపం వంక చూసింది. అది ఎంత శ్రద్ధగా పనిచేస్తోందో! ఎవరూ అడగకుండా, ఎవరికీ కనబడకుండా. ఆ కార్యాలయం లెక్కలో అదే దాని తప్పు, తన తప్పు కూడాను.

మధ్యాహ్నం పూట ఊళ్ళో వాల్వులన్నీ మూసేసి, ట్యాంకు నింపుకునే వేళ ఒకటుంది. అప్పుడు ఏ వీధికీ నీళ్ళు రావు, ఏ చుక్కా వెలగదు. కమిషనరు గారు భోజనం చేసి పెద్ద సమావేశాలు పెట్టేదీ సరిగ్గా ఆ వేళే. కృపామణి కూర్చుని ప్రోగ్రాములో నాలుగు వరసలు చేర్చింది. ఆమె జీవితంలో రాసిన ప్రోగ్రాముల్లో ఒక పనిని ఆపడానికి రాసినవి అవే. కాబట్టి రెండుసార్లు సరిచూసింది.

ఏప్రిల్‌లో, ఊరంతా బ్యానర్లు కట్టాక, ప్రాంతీయ సంచాలకుల వారు త్రివిధ ఆచ్ఛాదనాన్ని స్వయంగా దర్శించడానికి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద సమావేశంలో బీరువాకు పూలదండ వేశారు. కమిషనరు గారు తన ఫోను తీసి, "ఇప్పుడు చూడుడు, ఎంత నిరాటంకముగా..." అని నొక్కారు. తెర తెల్లగా తిరుగుతూ ఉండిపోయింది.

తరువాత జరిగినదంతా కృపామణికి జిలానీ చెప్పాడు, నవ్వాపుకోలేక మోకాళ్ళు పట్టుకుని. ముందు నాలుగో తొడుగు వేశారట. లేవలేదు. కూర్చుంటే లేచేది గదా అని జ్ఞాపకం వచ్చి జిలానీని కూర్చోబెట్టారు. లేవలేదు. గోవర్ధనం గారు కూర్చున్నారు. లేవలేదు. ఇది హోదాకు సంబంధించిన విషయమేమోనని చివరికి కమిషనరు గారే కూర్చున్నారు. కాసేపాగి, సంచాలకుల వారి వైపు ఆశగా చూశారు. ఆయన కూడా కూర్చున్నారు. అంత పెద్ద అధికారి ఎదురుగా కూర్చున్నా లేవని యంత్రం ఆ కార్యాలయ చరిత్రలో లేదు.

"ఆ అమ్మాయిని పిలిపింపుడు!" అన్నారు కమిషనరు గారు, ఈసారి ఉత్తర్వులా కాక కేకలా.

జీపు కృపామణి ఇంటి ముందు ఆగింది. ఆమె తల దువ్వుకుని, చేతిసంచి తీసుకుని, నింపాదిగా ఎక్కింది. వెళ్ళి బీరువా ముందు నిలబడి, అందరినీ రెండడుగులు వెనక్కి జరగమంది. తొడుగులన్నీ తీయించింది. ఒక్కొక్కటీ దులిపించింది. తర్వాత అదే వరసలో మళ్ళీ వేయించింది. చేతిసంచిలో వెతుకుతున్నట్టు ఫోను మీద ఒక నొక్కు నొక్కి, లేసు అంచు వేలితో సరిచేసింది.

"చూడండి సార్."

సంచాలకుల వారి ఫోనులో గుండ్లకొండ వీధులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆయన చప్పట్లు కొట్టారు. అది చూసి అందరూ కొట్టారు.

"ఏమి దోషమమ్మా?" అన్నారు కమిషనరు గారు, నుదురు తుడుచుకుంటూ.

"మధ్య తొడుగు తిరగబడిందండీ. అనుభవం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది."

ఆయన చాలా గంభీరంగా తల ఊపారు. జీవితంలో మొదటిసారి ఆమె చెప్పింది ఆయనకు పూర్తిగా అర్థమైంది. సాయంత్రానికల్లా ఉత్తర్వు చేతికొచ్చింది: సర్వరు కూలుటయు, లేపబడుటయు క్రమము తప్పక జరుగుచున్నందున సాంకేతిక సహాయకురాలి సేవలు అత్యవసరమని భావించి, కాంట్రాక్టు పొడిగించడమైనది.

క్రమము అన్నారు గనుక కృపామణి క్రమం తప్పలేదు. నెలకోసారి, పెద్ద సమావేశం రోజున, ఏ వీధి బిందే నీళ్ళ కోసం ఎదురుచూడని ఆ మధ్యాహ్నం వేళ సర్వరు కూలుతుంది. ఆమె వెళ్ళి లేపి వస్తుంది. మిగతా రోజుల్లో నీలం చుక్క వెలుగుతూనే ఉంటుంది.

అలాంటి ఒక రోజు భోజనాలయ్యాక ఆమె కంచాలు తీస్తూ గడియారం వంక చూడటం దీనమ్మ కనిపెట్టింది.

"ఏమ్మే కృపా, ఇయ్యాల కూలే రోజా?"

"అవునత్తా."

"అయితే ఆ వాయిల్ చీర మార్చి మంచిది గట్టుకో. జీపొస్తది గదా."